తెల్లారకముందే అన్నం ఉడికించే టైమర్ సాకెట్: వాడి చూశాక నా మాట

పొద్దున్నే లేవమని సలహా ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు. మా రాయగడ వైపు ఏప్రిల్ వచ్చిందంటే ఆ సలహా ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఎండలు ముదిరితే ఒడిశాలో స్కూళ్ళని పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా పెట్టేస్తారు. నేను కొలనార వైపు ఒక ఊళ్ళో సైన్సు చెబుతాను. స్కూటీ మీద అరగంట. పిల్లలు వచ్చేసరికి గేటు దగ్గర ఉండాలంటే ఆరు కాకముందే ఇల్లు దాటాలి. మా ఆయనకి మిల్లులో ఎ షిఫ్టు, అంటే పొద్దుటి షిఫ్టు, పడిన వారమైతే ఐదున్నరకి క్యారేజీ చేతిలో పెట్టాలి. ఈ రెండూ ఒకే వారంలో పడ్డాయంటే ఇంట్లో లైటు నాలుగింటికే వెలగాలి.

నాలుగింటికి లేవడం నాకు పెద్ద కష్టమేం కాదు. ఒళ్ళు మండేది లేచాక. కరెంటు కుక్కర్ పెట్టి అరగంట ఎదురుచూడాలి, చలికాలమైతే గీజర్ వేసి ఇంకో ఇరవై నిమిషాలు. నిద్ర పాడుచేసుకుని లేచేది గోడకి ఆనుకుని నిలబడడానికా? ఆ ఎదురుచూపేదో నేను పడుకున్నప్పుడే అయిపోతే నలభై నిమిషాలు ఎక్కువ పడుకోవచ్చు కదా అనిపించి స్టేషన్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకెళ్ళి టైమర్ సాకెట్ అడిగాను. ఐదొందల నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. ఈ రివ్యూ దాని గురించే.

చూడ్డానికి అరచేతిలో పట్టే తెల్లటి డబ్బా. వెనక మూడు పిన్నులు, ముందు సాకెట్, దాని చుట్టూ గుండ్రంగా తిరిగే డయల్. డయల్ అంచున సన్నటి పళ్ళు ఉంటాయి. మొత్తం 96. ఒక్కో పన్ను పావుగంట, అంటే చుట్టూ ఇరవై నాలుగ్గంటలు. పన్ను కిందికి నొక్కితే ఆ పావుగంట కరెంటు వస్తుంది, పైకి వదిలేస్తే రాదు. అంతే. యాప్ లేదు, వైఫై లేదు, పాస్‌వర్డ్ లేదు. గోడకి పెట్టాక డయల్ తిప్పి ఇప్పుడు టైమెంతో దాన్ని బాణం గుర్తు దగ్గరికి తెచ్చి వదిలేయాలి. అంకెలు ఇరవై నాలుగ్గంటల లెక్కలో ఉంటాయి. రాత్రి తొమ్మిదైతే బాణం 21 దగ్గర ఉండాలి, 9 దగ్గర పెడితే పొద్దుటి వంట సాయంత్రం మొదలవుతుంది. పక్కన చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. దాన్ని జరిపితే టైమర్‌తో పనిలేకుండా మామూలు సాకెట్‌లా నడుస్తుంది.

నా ఏప్రిల్ లెక్క ఇది. రాత్రి తొమ్మిదిన్నరకి బియ్యం కడిగి, ఎసరు కొలిచి పోసి, కుక్కర్ మీట కిందికి నొక్కేస్తాను. కరెంటు లేదు కాబట్టి ఏమీ జరగదు. నాలుగుంపావు దగ్గర నుంచి నాలుగు పళ్ళు నొక్కి ఉంటాయి. నేను నాలుగూ నలభైకి లేచేసరికి వంటింట్లోంచి ఉడుకుతున్న అన్నం వాసన వస్తుంటుంది. మొహం కడుక్కుని వచ్చేసరికి మీట టక్కుమని పైకి లేస్తుంది. పైన ఆవిరి గిన్నెలో బంగాళాదుంపలు పెడితే అవీ ఉడికిపోతాయి. రాత్రే తరిగి పెట్టుకున్న బెండకాయో వంకాయో పొయ్యి మీద వేయడమే మిగిలిన పని.

ఇది ఎందుకు పని చేస్తుందో తెలిస్తే దేనికి పని చేయదో కూడా తెలుస్తుంది. పాతకాలం మీట కుక్కర్‌లో గిన్నె అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ అది మీటని కిందనే పట్టి ఉంచుతుంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు వంట మొదలవుతుంది. గిన్నెలో నీళ్ళున్నంతవరకూ వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్ళు ఇగిరిపోయాక వంద దాటుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట లేస్తుంది. అందులో కంప్యూటరేం లేదు కాబట్టే మధ్యలో కరెంటు పోయి వచ్చినా ఆగిన చోట నుంచి మళ్ళీ మొదలెడుతుంది. ఇండక్షన్ పొయ్యికి ఈ టైమర్ పెట్టారంటే మాత్రం తెల్లారేసరికి చల్లటి గిన్నె, దాని పక్కన మినుకుమినుకుమనే ఎర్ర దీపం కనిపిస్తాయి. వేలితో తాకే బటన్లున్నవి కరెంటు వచ్చినా మనం నొక్కేదాకా కదలవు. డిజిటల్ కుక్కర్లూ చాలావరకు అంతే. కొనేముందు మీ ఇంట్లో వస్తువుకి టక్కుమని నొక్కే స్విచ్ ఉందో లేదో చూసుకోండి.

మా అత్తగారికి మొదట్లో దీని మీద నమ్మకం కుదరలేదు. "ఏటే అమ్మాయ్, రాత్రే బియ్యం నానబోసేసినావు? పొద్దుటికి పులిసిపోవూ?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది. మే నెల రాత్రి వంటింట్లో ఉక్కకి ఏడు గంటలు నీళ్ళలో ఉన్న బియ్యం కాస్త వాసన పట్టాయి. ఇప్పుడు ఫ్రిజ్‌లో చల్లబడిన నీళ్ళు పోసి పెడుతున్నాను, ఆ వాసన లేదు. చలికాలం కుళాయి నీళ్ళే చాలు. పాలు, నానబెట్టిన పప్పు లాంటివి మాత్రం రాత్రంతా బయట ఉంచే పని పెట్టుకోవద్దు.

అత్తగారి రెండో అభ్యంతరానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎండాకాలం పొద్దున్నే వేడన్నం ఎవడికి కావాలి, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నం ఉండగా ఈ డబ్బా ఎందుకు అని. ఒడియావాళ్ళు పఖాళ అంటారు, మార్చి 20న దానికో దినమే జరుపుతారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన వడియాలు పక్కన పెట్టుకుంటే దానంత సుఖం లేదు, నేనూ ఒప్పుకుంటాను. ఆవిడకి చద్దన్నం లేకపోతే చోడంబలి, అదే రాగి అంబలి. ఆవిడ పొద్దుటి పనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. కానీ మా ఆయన క్యారేజీలోకి చద్దన్నం వెళ్ళదు, అదీ సమస్య.

ఇప్పుడు దీనితో ఉన్న అసలు తలనొప్పి. కరెంటు పోతే డయల్ ఆగిపోతుంది. లోపలున్న చిన్న మోటారు కరెంటుతోనే తిరుగుతుంది కాబట్టి ఎంతసేపు కరెంటు లేకపోతే అంతసేపు వెనకబడుతుంది. మా వైపు ఏప్రిల్, మే సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలిసిందే. మబ్బు కమ్ముతుంది, గాలి లేస్తుంది, నాగావళి మీదుగా దుమ్ము లేచి వస్తుంది, ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. ఒకరోజు అలా రెండున్నర గంటలు పోయింది. మర్నాడు నాలుగూ నలభైకి లేస్తే కుక్కర్‌లో నీళ్ళూ బియ్యం వేరువేరుగా, నేను పోసినట్టే ఉన్నాయి. టైమర్ లెక్కలో అప్పటికి రెండు దాటి పది నిమిషాలే మరి. ఆ రోజు మా ఆయన క్యారేజీలో ఉప్మా వెళ్ళింది. అప్పటినుంచి పడుకునేముందు బాణం ఎక్కడుందో ఒకసారి చూడటం అలవాటైంది. గేటు తాళం చూసుకుంటాం కదా, దాంతోపాటే ఇదీ. రాత్రి మనం పడుకున్నాక కరెంటు పోతే మాత్రం చేసేదేం లేదు. అందుకే దీన్ని నమ్ముకుని ఫోనులో అలారం తీసేయకండి.

రెండో లోపం, దీనికి ఆదివారం తెలియదు. సెలవు రోజు పొద్దున కూడా నాలుగుంపావుకి కరెంటు వదులుతుంది. శనివారం రాత్రి కుక్కర్ ప్లగ్గు పీకి పెట్టుకోవాలి. షిఫ్టు మారినప్పుడల్లా గోళ్ళతో ఆ పళ్ళు లేపడం, నొక్కడం కూడా చిరాకే. నా కళ్ళజోడు లేకుండా పదహారో పన్ను ఏదో, పదిహేడో పన్ను ఏదో కనపడదు. నేను మాత్రం స్కెచ్ పెన్నుతో నాలుగుంపావు దగ్గర చుక్క పెట్టుకున్నాను.

వారానికో రకంగా పెట్టుకునే డిజిటల్ టైమర్లూ దొరుకుతాయి. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా టైం తప్పదు. మా స్టాఫ్‌రూంలో ఒకావిడ అదే వాడుతోంది. కానీ ఆరేడు చిన్న బటన్లు, ఏది ఎంతసేపు నొక్కాలో కాగితం చూడకుండా ఆవిడకీ రాదు. వైఫై ప్లగ్గులైతే ఫోనులోంచే పెట్టుకోవచ్చు, నెట్ రాగానే టైం వాటంతటవే సరిచేసుకుంటాయి. వాటిలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, అది చూసి తీసుకోవాలి. మా ఇంట్లో అత్తగారు కూడా వాడే వస్తువు కావాలి కాబట్టి నేను డయల్‌దే తెచ్చుకున్నాను. రోజూ కరెంటు పోయే ఊరైతే డబ్బులు కాస్త ఎక్కువైనా బ్యాటరీ ఉన్నదే నయం.

గీజర్‌కి కూడా ఇదే పెట్టొచ్చా అని అడిగితే షాపాయన, "మేడమ్, ఇది కుక్కర్ వరకే. గీజర్‌కైతే పెద్ద పిన్నులది, పదహారు ఆంప్స్‌ది వేరే తీసుకోండి" అన్నాడు. అమ్ముడుపోవాలని చెప్పిన మాట కాదు అది. కుక్కర్ ఏడొందల వాట్లు, మూడు ఆంపియర్లు లాగుతుంది. రెండు వేల వాట్ల గీజర్ దాదాపు తొమ్మిది లాగుతుంది. చిన్న పిన్నుల సాకెట్ ఆరు ఆంపియర్లకే చేసింది. దానికి కన్వర్టర్ తగిలించి గీజర్ పెడితే ముందు ప్లాస్టిక్ రంగు మారుతుంది, తర్వాత వాసన వస్తుంది, ఆ తర్వాతది చెప్పక్కర్లేదు. అందుకే ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి. పెద్దది బాత్రూం బయట గోడకి ఉంది, తడి తగలకుండా. మొదటిరోజు పావుగంట నడిచాక చేత్తో ముట్టుకుని చూడమన్నాడు షాపాయన. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే సాకెట్ లూజుగా ఉన్నట్టు. నీళ్ళ మోటారుకి మాత్రం ఏ సైజుదైనా పెట్టొద్దన్నాడు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుందట, లోపలి కాంటాక్టులు కాలిపోతాయట.

గీజర్ దగ్గర నాకు లాభం బాగానే కనిపించింది. పదిహేను లీటర్ల నీళ్ళు పద్దెనిమిది డిగ్రీల నుంచి నలభై ఐదుకి చేరాలంటే రెండు వేల వాట్ల గీజర్‌కి లెక్క ప్రకారం పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక పన్ను చాలు, నేను రెండు నొక్కుతాను. ఇదివరకు గీజర్ వేసి మర్చిపోయి గంటసేపు ఉంచేసేవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు, పేరు చెప్పను. ఇప్పుడు అరగంటకి అదే ఆగిపోతుంది.

నేను అనుకోని ఉపయోగం ఇంకోటి తేలింది. ఎ షిఫ్టు లేని వారాల్లో, చలికాలంలో, వంటింటి టైమర్‌ని పడకగదిలోకి తెచ్చి టేబుల్ లైటు తగిలిస్తున్నాను. మనం తూర్పున ఉన్నాం కాబట్టి జూన్‌లో ఐదుంపావు దాటగానే సూర్యుడొచ్చేస్తాడు. కర్టెన్ లేకపోతే అలారమే అక్కర్లేదు. జనవరిలో అదే రాయగడలో ఆరున్నర దాకా రాడు. ముంబైవాళ్ళకి ఇంకా ఘోరం, ఏడుంపావు అవుతుంది. చీకట్లో అలారం మోగితే చెయ్యి దాని పీక నొక్కడానికే వెళుతుంది. లేవడానికి పావుగంట ముందు లైటు వెలిగితే మూసిన రెప్పల మీంచే వెలుతురు తెలుస్తుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గడం మొదలవుతుంది. ఒంట్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ సంగతి చెబితే, "ఈగలు కూడా స్కూలుకి వెళ్ళాలా మేడమ్?" అని అడిగాడొకడు.

మెల్లమెల్లగా వెలుగు పెంచే ఖరీదైన దీపాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఈ టైమర్‌తో లైటు అలా పెరగదు, ఒక్కసారిగా వెలుగుతుంది. బల్బుని గోడవైపు తిప్పి పెడితే కళ్ళలో పొడవదు. డయల్ తిరిగే సన్నటి చప్పుడు మాత్రం పడకగదిలో వినిపిస్తుంది. వంటింట్లో ఉన్నంతకాలం అది చప్పుడు చేస్తుందనే నాకు తెలియదు. తేలిగ్గా నిద్రపట్టనివాళ్ళు మంచానికి దూరంగా పెట్టుకోండి.

కొనేటప్పుడు షాపులోనే ఏదైనా బల్బు తగిలించమని అడగండి. రెండు పళ్ళు నొక్కి, డయల్ని చేత్తో మెల్లగా ముందుకి తిప్పి చూడండి. బాణం దగ్గరికి రాగానే టక్కుమని బల్బు వెలగాలి, రెండు పళ్ళు దాటాక ఆరాలి. నాకు మొదట చూపించిన దాంట్లో ఒక పన్ను నొక్కితే నిలవకుండా పైకి వచ్చేసింది, వేరేది తీయించాను. ఆంపియర్ల అంకె డబ్బా మీద కాకుండా వస్తువు వెనక అచ్చయి ఉందో లేదో చూడండి. బిల్లు మీద తేదీ వేయించుకోండి, నాకు ఆరు నెలల వారంటీ ఆ బిల్లు మీదే రాసిచ్చాడు.