విండోస్‌లో ఈమాక్స్‌కు తోడుగా గ్రెప్, ఫైండ్, డిఫ్: చాలాకాలం వాడాక

విండోస్‌లో ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను దించుకుని తెరవగానే అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. ఫోల్డరంతా ఒక మాట కోసం గాలించబోతేనే లోటు తెలుస్తుంది. ఫైళ్ల లోపలి మాటల్ని వెతికే గ్రెప్, ఫైళ్లను వెతికే ఫైండ్, రెండు ఫైళ్ల తేడాలు చూపే డిఫ్ అనే యూనిక్స్ ప్రోగ్రాములు దాంతోపాటు రావు, మనమే తెచ్చిపెట్టుకోవాలి. తెలుగు వ్యాసాలు దిద్దే పనికి ఈమాక్స్ వాడేవాణ్ణి కాబట్టి వీటిని రకరకాల దారుల్లో పెట్టి చూశాను. యూనిక్స్ మొత్తాన్నీ దింపక్కర్లేదు, నాలుగైదు ప్రోగ్రాములు చాలు.

అన్నిటికన్నా విసిగించేది ఫైండ్. ఆ పేరుతో విండోస్‌కు సొంత ప్రోగ్రామ్ ఒకటి సిస్టమ్32లో ఉంది. అది ఫైళ్లను వెతకదు, ఫైలు లోపలి మాటల్ని వెతుకుతుంది. ఈమాక్స్‌లో ఫోల్డరంతా గాలించే ఆర్‌గ్రెప్ ఆదేశం కొడితే ముందు అదే తగులుతుంది, పారామీటర్ ఫార్మాట్ సరిగా లేదని కసురుతుంది. పోనీ అని యూనిక్స్ ప్రోగ్రాముల ఫోల్డర్‌ను సిస్టమ్ పాత్‌లో (ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందుకు జరిపితే, విండోస్ ఫైండ్, సార్ట్‌లను నమ్ముకున్న బ్యాచ్ ఫైళ్లు అడ్డం తిరుగుతాయి. ఫైళ్ల మార్పుల్ని నమోదు చేసే గిట్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాలర్ కూడా పాత్‌ను ఇలా మార్చే ఎంపిక దగ్గర ఎర్ర అక్షరాల్లో హెచ్చరిస్తుంది. అందుకని ఈ మార్పంతా ఈమాక్స్ మొదలవగానే చదివే ఇనిట్ ఫైల్లోనే పెట్టాను. అదీ రెండు చోట్ల రాయాలి: ఈమాక్స్ నేరుగా నడిపే వాటికి ఎగ్జెక్-పాత్ అనే సెట్టింగ్, షెల్ (ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్) ద్వారా నడిచే వాటికి పాత్ వేరియబుల్. ఫైండ్-ప్రోగ్రామ్ అనే సెట్టింగ్‌కు పూర్తి దారి ఇచ్చేస్తే ఇంకా నిశ్చింత.

ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? యూనిక్స్ ప్రోగ్రాముల్ని విండోస్‌లో నడిపించే సిగ్విన్, ఎమ్‌సిస్2 రెండూ గట్టివే. ఎమ్‌సిస్2లో ప్రోగ్రాముల్ని దించిపెట్టే, ఆర్చ్ లినక్స్ వాళ్ల పాక్‌మన్ ఉండటం పెద్ద సుఖం. కాకపోతే యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్‌ను మొదలుపెట్టే ఫోర్క్ అనే పద్ధతి విండోస్‌లో లేదు, దాన్ని ఇవి అనుకరించాలి. చిన్న ప్రోగ్రాముల్ని వందలసార్లు పిలిచే స్క్రిప్టులు అక్కడే నీరసిస్తాయి. సి డ్రైవ్‌ను సిగ్విన్ ఒకలా, ఎమ్‌సిస్2 ఇంకోలా పిలుస్తాయి, ఈమాక్స్‌కు ఆ దారులు అర్థం కావు. నాకు కుదిరింది ఈజీవిన్‌పోర్ట్స్. ఈమాక్స్ నిర్వాహకుల్లో ఒకరైన ఎలీ జారెట్‌స్కీ విండోస్‌కే నేరుగా కంపైల్ చేసి పెట్టిన మూట అది. గ్రెప్, ఫైండ్, డిఫ్, అక్షరదోషాలు పట్టే హన్‌స్పెల్ అక్కడివే. పెద్ద ఫోల్డర్లకు గ్రెప్ లాంటిదే అయిన రిప్‌గ్రెప్ కలుపుకున్నాను. ఈమాక్స్ 28 నుంచి, ఒక పేరు ఎక్కడెక్కడ ఉందో చూపే ఎక్స్‌రెఫ్ వెతుకులాటకు దాన్నే వాడమని చెప్పొచ్చు. ఫోల్డర్లోని ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్ మాత్రం తెచ్చుకోవద్దు, ఈమాక్స్ ఫైల్ మేనేజరైన డైర్డ్‌కు ఆ పని లోపలే జరిగిపోతుంది.

ఇక తెలుగు. బఫర్లో (ఈమాక్స్‌లో ఫైలు తెరుచుకునే చోట) రాయడానికి, చూడటానికి ఇబ్బందేమీ లేదు. 27వ వెర్షన్‌లో అక్షరాల ఆకారాలు కూర్చే హార్ఫ్‌బజ్ వచ్చింది, ఒత్తులు పద్ధతిగా పడుతున్నాయి. చిక్కంతా తెలుగు మాటను గ్రెప్‌కు అందించడంలో. విండోస్‌లో ఈమాక్స్ బయటి ప్రోగ్రాములకు మాటల్ని సిస్టమ్ కోడ్‌పేజీలోకి (విండోస్ పాత అక్షరాల పట్టికలోకి) మార్చి పంపుతుంది. మన కంప్యూటర్లలో అది మామూలుగా 1252, అందులో తెలుగు అక్షరాలు లేవు. గ్రెప్‌ను చేరేలోపే అక్షరాలు పాడవుతాయి, వచ్చిన ఫలితాన్ని నమ్మలేం. రిప్‌గ్రెప్‌కు మారినా ఇంతే, ఎందుకంటే చెడేది దారిలో. వెతకాల్సిన మాటను, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఫైల్లో రాసి, ఇంగ్లిష్ పేరుతో దాచి, చిన్న ఎఫ్ (-f) ఆప్షన్‌తో ఆ ఫైలును చూపిస్తున్నాను. చుట్టుదారే, కానీ నడుస్తోంది. తెరిచి ఉన్న ఫైళ్లకైతే మల్టీ-ఆకర్ అనే ఈమాక్స్ ఆదేశం చాలు, అది ఈమాక్స్ దాటి బయటికి పోదు.

విండోస్ రీజియన్ సెట్టింగుల్లో సిస్టమ్ మొత్తాన్నీ యూటీఎఫ్-8కు మార్చే బీటా ఎంపిక ఒకటుంది. యూనికోడ్ కాని పాత ప్రోగ్రాములన్నిటి మీదా దాని ప్రభావం పడుతుంది. పాత తెలుగు ఫాంట్లతో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్లో ఇంకా ఉంది, అందుకే ఆ టిక్కు పెట్టలేదు.