కోళ్ళగూటి ఆటోమేటిక్ తలుపు: మూడో ఏట నా మాట

ఈ తలుపు కొని మూడో ఏడు నడుస్తోంది. 2025 మొదట్లో గుడ్లు డజను ఆరు డాలర్లు దాటాక మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొందరు పెరట్లో కోళ్ళు పెట్టారు. అందరూ నన్ను అడిగేది ఒకటే, "ఆ తలుపు పనిచేస్తుందా అండీ?" అని. పనిచేస్తుంది. అసలు దాని మీద నాకున్న కోపమంతా అది చెప్పినట్టే పనిచేసినందుకే.

కంపెనీ పేరు రాయను. పైకీ కిందికీ జారే అల్యూమినియం రేకు, కరెంటు అడాప్టరు, కరెంటు పోతే బ్యాటరీ, ఫోన్లో యాప్, తెల్లారితే తెరిచి చీకటి పడితే మూసే లైట్ సెన్సార్. ఈ రకం తలుపులన్నీ ఇంచుమించు ఇంతే. ధర రెండొందల డాలర్లకి కాస్త అటూ ఇటూ.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన. హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ మీద ఆంక్షలు పెట్టే కాలనీ సంఘం, గొడవ లేని పాత ఇల్లు, వెనక పైన్ చెట్లు, వాటి అవతల చిన్న వాగు. వాగుందంటే రకూన్లు ఉన్నట్టే, రాత్రిపూట తిరిగి కోళ్ళనీ గుడ్లనీ ఎత్తుకుపోయే ఇక్కడి అడవి జంతువులవి. ఊళ్ళో మా అమ్మ బావురుపిల్లికీ ముంగిసకీ భయపడి పొద్దుగూకగానే కోళ్ళని గంప కింద మూసి పైన రాయి పెట్టేది. అక్కడికి అది చాలు. రకూన్‌కి రాయి ఒక లెక్క కాదు, దానికున్నవి చేతులు. 1907లోనే హెచ్. బి. డేవిస్ అనే పరిశోధకుడు రకూన్ల ముందు 13 రకాల గడియలు పెట్టి చూస్తే 11 తీసేశాయట. మా గుడ్ల పెట్టె మూతకున్న కొక్కెం ఆ పదకొండులో కూడా చేరదు, అంత తేలిగ్గా తీసి గుడ్లన్నీ తినేసి పోయింది. ఇప్పుడు దానికి కారబినర్, అంటే స్ప్రింగుతో మూసుకునే లోహపు కొక్కెం, వేశాం. గూడుకి చికెన్ వైర్, అంటే పెద్ద గళ్ళ పలచటి తీగ వల, కొట్టకండి, అది కోడి బయటికి పోకుండా ఆపుతుందేగానీ రకూన్ చెయ్యి లోపలికి రాకుండా ఆపదు. అర అంగుళం గళ్ళ హార్డ్‌వేర్ క్లాత్ అనే గట్టి ఇనుప జాలీ వేసి, నక్కలూ కుక్కలూ తవ్వకుండా నేలమీద కూడా రెండడుగులు పరవండి. ఇక తలుపు సంగతి.

మొదటి ఏడాదిన్నర నేను దీన్ని పొగడని చోటు లేదు. ఇక్కడ డిసెంబర్‌లో ఐదింటికే పొద్దుపోతుంది, జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుగే. ఇద్దరం ఉద్యోగాలకి పోయేవాళ్ళం. తలుపు పెట్టకముందు చలికాలం వస్తే నాలుగున్నర మీటింగులోంచి ఏదో ఒక వంక చెప్పి లేచి, ట్రాఫిక్‌లో పడి, చీకట్లో గూటి దగ్గరకి పరిగెత్తడమే పని. పైగా నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ సంగతి కోళ్ళకెవరు చెప్తారు? లైట్ సెన్సార్‌కి ఈ తంటాలేం లేవు. మసక చీకటి పడుతుంటే కోళ్ళు వాటంతటవే గూట్లోకెళ్ళి కర్రెక్కేవి, ఇంకాస్త చీకటయ్యాక తలుపు దిగేది. పొద్దున్నే చూస్తే రేకు మీద బురద చేతుల ముద్రలు, పసిపిల్లల చేతుల్లా, సన్నటి ఐదేసి వేళ్ళతో. ఎక్కువగా రేకు కింది అంచు దగ్గరే. రకూన్ దాన్ని పైకి లేపాలని చూసిందన్నమాట. తాడుతో లాగే తలుపైతే లేచేదేమో. ఇది మోటారు తిప్పే మర (స్క్రూ) మీద నడిచేది, లేవదు. అది చూశాకే మా తెలుగు వాట్సాప్ గ్రూపులో "కళ్ళు మూసుకుని కొనండి" అని రాశాను.

2024లో దీపావళి, హాలోవీన్ ఒక్క రోజే పడ్డాయి, అక్టోబర్ 31న. పిల్లలు వేషాలేసుకుని వీధంతా తిరిగి చాక్లెట్లు పోగేసుకొచ్చారు. తర్వాత లక్ష్మీపూజ, స్నేహితుల కుటుంబాలు, ఇల్లంతా సందడి. ఈ రాష్ట్రంలో పైకెగిరేవీ పేలేవీ కాల్చకూడదుగానీ కాకరపువ్వొత్తులకీ చిచ్చుబుడ్లకీ అడ్డులేదు. పిల్లలు చీకట్లో ఒత్తులు పట్టుకుని తిరుగుతారని పెరటి ఫ్లడ్ లైట్లు రెండూ వేశాం. కోళ్ళు వాటి వేళకి అవి గూట్లోకెళ్ళాయి. తలుపు మాత్రం దిగలేదు. దాని లెక్కలో ఇంకా పొద్దు పోలేదు.

కాల్చడం అయ్యాక అందరం లోపలికొచ్చి అన్నాలకి కూర్చున్నాం. బయట లైట్లు అలాగే వెలుగుతున్నాయి, పెరట్లో ఎవరూ లేరు, బల్ల మీద సగం తిన్న గారెల ప్లేట్లు. పదకొండింటికి చివరి కారు వెళ్ళాక మా ఆయన లైట్లు ఆర్పారు. కాసేపటికి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: తలుపు మూసుకుంది. ఇంత ఆలస్యంగానా అని కూడా అనిపించలేదు, ఆ మెసేజ్ రోజూ వచ్చేదే. ఫోన్ పక్కన పడేసి గిన్నెలు సర్దుకుంటున్నాను.

కోళ్ళు రాత్రిపూట నోరెత్తవు. అందుకే ఆ అరుపు వినగానే ఇద్దరం టార్చి పట్టుకుని వెనక మెట్ల మీదికి పరిగెత్తాం. జాలీలోంచి రెండు కళ్ళు మెరుస్తున్నాయి, లోపలి నుంచి. లైట్లు ఆర్పేసరికే రకూన్ గూట్లో ఉంది. తలుపు చక్కగా, శుభ్రంగా, దాన్నీ కోళ్ళనీ కలిపి లోపల పెట్టి మూసేసింది! అది బయటికి పోదామన్నా దారి లేదు, జాలీ పట్టుకుని వేలాడుతూ గూడంతా కలియదిరుగుతోంది. కర్ర మీద ఒక మూల మూడు పెట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మిగతా రెండూ గడ్డిలో పడున్నాయి. వాటికి తలల్లేవు.

రకూన్ ఇక్కడ రేబిస్ మోసే జంతువు. కర్ర పట్టుకుని మీదికి పోవడం తెలివితక్కువ పని. మెట్ల మీదే నిలబడి యాప్‌లో తెరిచే బటన్ నొక్కాను. రేకు మెల్లగా, తాపీగా లేచింది. సగం కూడా లేవకముందే కింది సందులోంచి రెండు చేతులు బయటికొచ్చాయి, వాటి వెనకే మిగతాది. పరిగెత్తను కూడా లేదు, నడుచుకుంటూ చెట్లలోకి పోయింది. అదే యాప్ లేకపోతే ఆ మూడు పెట్టలూ దక్కేవి కావన్నది కూడా నిజమే, అది ఒప్పుకోకపోతే తప్పవుతుంది.

కంపెనీకి రాస్తే "మీ సెన్సార్ సరిగ్గానే పనిచేసింది" అని జవాబు. అందులో అబద్ధమేం లేదు. మరి ఏ మర ఎక్కడ బిగించాలో అన్ని బొమ్మలేసి చెప్పిన పుస్తకంలో ఇంటి దీపాల వెలుగు పడని చోట పెట్టండి అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? పెరట్లో లైట్లు లేని ఇల్లు ఈ దేశంలో ఎక్కడుంది? పక్కింటివాళ్ళు క్రిస్మస్‌కి దీపాలు కడితే నేను వెళ్ళి ఆర్పమనాలా? అమ్మకి వీడియో కాల్‌లో చెప్తే ఆవిడకి సెన్సార్ సంగతేం పట్టలేదు. "లెక్కపెట్టుకోకుండా గంప మూస్తారటే ఎవరైనా?" అంది. మూసేముందు తొంగిచూసి, ఎన్నున్నాయో, లోపల ఇంకేమైనా ఉందో చూడటం ఆవిడకి మూయడంలో భాగమే. రెండొందల డాలర్ల తలుపు చూడదు, వెలుగు తగ్గిందా లేదా అనేదొక్కటే దానికి తెలుసు.

పక్కింటాయన రకూన్‌ని బోను పెట్టి పట్టి దూరంగా పార్కులో వదిలెయ్యమన్నాడు. అలా వేరేచోట వదలడానికి ఇక్కడ చట్టం ఒప్పుకోదు. అయినా ఒకటి పోతే వాగులోంచి ఇంకోటొస్తుంది.

ఇప్పుడు తెరవడం సెన్సార్‌కే వదిలేశాను, అదీ ఏడింటికి ముందు తెరవకుండా. మూయడం మాత్రం టైమర్ మీద, పొద్దుగుంకిన అరగంటకి. పొద్దు మారినప్పుడల్లా నేనే సర్దుకోవాలి, నవంబర్‌లోనూ మార్చిలోనూ మరీ జాగ్రత్తగా. దీనివల్ల ఇంకో చిక్కొచ్చింది. మా ఈస్టర్ ఎగ్గర్ (రంగు గుడ్లు పెట్టే రకం) పెట్ట ఒకటి వేసవిలో చివరిదాకా మట్టిలో పొర్లుతూ కూర్చుంటుంది. ఓ రాత్రి తలుపు మూసుకున్నాక బయటే మిగిలిపోయి వరండా రెయిలింగ్ ఎక్కి పడుకుంది. అదృష్టం బావుండి బతికింది. గూటి లోపల చవకరకం కెమెరా పెట్టాను, మెసేజ్ రాగానే అందులో తలలు లెక్కపెడతాను. అంటే ఏ పని తప్పుతుందని తలుపు కొన్నానో అందులో సగం మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మిగతా సగానికి, అంటే ట్రాఫిక్‌లో ఆ పరుగుకి, రెండొందల డాలర్లు ఎక్కువేం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. గ్రూపులో నా పాత మెసేజ్ తీసెయ్యలేదు. దాని కింద "దీపాలకి దూరంగా పెట్టుకుంటేనే" అని ఒక ముక్క చేర్చాను.

సాయంత్రం ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవాళ్ళయితే మామూలు చెక్క తలుపు, రెండు గడియలు, ఒక కారబినర్ చాలు. అమ్మానాన్నలు వచ్చి ఆరేసి నెలలు ఉండే ఇళ్ళలో అసలు ఆలోచించక్కర్లేదు. మాలాగా ఇద్దరూ ఆఫీసులకి పోతూ, వెనక చెట్లూ వాగూ ఉంటే కొనండి, టైమర్ కూడా ఉన్నదే కొనండి. లైట్ సెన్సార్ ఒక్కటే ఉన్నవి ఇంకా తక్కువకి దొరుకుతాయి. పెరట్లో ఒక్క లైటైనా ఉన్న ఇంటికి అవి వద్దనే చెప్తాను, పండగలు జరుపుకునే ఇంటికైతే మరీనూ.