ఉమ్మి పరీక్షతో డిమెన్షియా ముందే తెలుస్తుందంటే అమ్మకి చేయించాం

5కి 2 ఇస్తున్నాను, ఆ 2 కూడా ఇంటికొచ్చి శాంపిల్ తీసుకున్న కుర్రాడికే. ల్యాబ్ పేరు రాయను. శ్రీకాకుళం టౌన్‌లో ఉంది, "ఉమ్మితో డిమెన్షియాని ముందే కనిపెట్టండి" అని కరపత్రాలు పంచారు, 6,500 కట్టాం. అదే కరపత్రం చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నవాళ్లు ఇంకా ఉంటారని రాస్తున్నాను.

మా అమ్మకి 71, ఊరు పొందూరు. చిన్నప్పటి నుంచి ఖద్దరు పనే, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే దగ్గర్నుంచి సన్న నూలు వడికేదాకా అన్నీ ఆ చేతులకి తెలుసు. అలాంటి మనిషి ఏడాదిగా చిలపలు (నూలు చుట్టలు) లెక్కపెట్టి, మర్చిపోయి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతోంది. చారులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. ఒకరోజు, ఎప్పుడో పోయిన మా మావయ్య గురించి "ఇంకా రానేదేటి" అని అడిగిందట, మా అప్ప (అక్క) ఫోన్ చేసి ఏడ్చింది. ఆ టెన్షన్‌లో బుక్ చేసేశాం.

శాంపిల్ ఇవ్వడానికి అరగంట ముందు నుంచి తినకూడదు, తాగకూడదు, చుట్ట కాల్చకూడదు. అమ్మకి అడ్డచుట్ట (నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చేది) అలవాటు, ఆ అరగంట ఆపడమే కష్టమైంది. పైగా షుగర్ వల్ల నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది, చిన్న ట్యూబ్‌లో గీత దాకా ఉమ్మి నింపడానికి 20 నిమిషాలు పట్టింది. "ఉమ్మితే బుర్రలో రోగం ఎలాగ తెలుస్తాది బాబూ" అని అమ్మ అడిగితే ఆ కుర్రాడు నవ్వి "తొందర లేదు మామ్మా, నాలుకతో బుగ్గలు లోపల రాసుకోండి, వస్తుంది" అని ఓపిగ్గా కూర్చున్నాడు. సూది లేదు, నొప్పి లేదు, ఆ మాట నిజమే.

మూడు వారాలకి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది, అంతా ఇంగ్లీషు. ఏపీఓఈ అనే జీన్‌లో ఈ4 రకం ఒకటి ఉంది, "రిస్క్ ఎక్కువ" అని ఎర్ర రంగులో. వివరం అడుగుదామని ఫోన్ చేస్తే మాట్లాడే డాక్టరే లేరు. అంటే వాళ్లు చేసింది జన్యు పరీక్ష! ఉమ్మిలోని కణాల నుంచి డీఎన్ఏ తీసి చూశారంతే. ఈ4 ఉంటే అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం) వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ ఉన్నవాళ్లందరికీ రాదు, లేనివాళ్లకీ వస్తుంది. అమ్మ మతిమరుపు ఎందుకొచ్చిందో అది చెప్పదు, అమ్మకి 20 ఏళ్లప్పుడు చేసినా ఇదే రిపోర్టు వచ్చేది. పైగా ఆ ఈ4 మాలో ఒక్కొక్కరికీ రావడానికి సగం అవకాశం ఉంది. ఈ సంగతి ముందే చెప్పి, మీకు తెలుసుకోవాలని ఉందా అని అడగాలి కదా. మా అప్ప నాలుగు రాత్రులు నిద్రపోలేదు. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది దీనికే.

ఉమ్మిలో అమిలాయిడ్, టావ్, లాక్టోఫెర్రిన్ లాంటి ప్రోటీన్లు కొలిచి అల్జీమర్స్ పట్టుకోవచ్చా అని పరిశోధనలు జరుగుతున్న మాట నిజం, కానీ ఫలితాలు ఒకరికొకరివి కలవడం లేదు. అమెరికాలో మందులకి, పరీక్షలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2025 మేలో అల్జీమర్స్‌కి మొదటిసారి ఒక రక్త పరీక్షని అనుమతించింది, అదీ లక్షణాలున్న, 55 ఏళ్లు ఆపైన ఉన్నవాళ్లకి, స్పెషలిస్టు డాక్టర్ల దగ్గర మాత్రమే. అది కూడా రక్తంతో, ఉమ్మితో కాదు.

తర్వాత విశాఖలో న్యూరాలజిస్టుకి చూపించాం. 40 నిమిషాలు అమ్మతోనే మాట్లాడారు. చదువు రాదని తెలుసుకుని వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు, మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి మళ్లీ అడిగారు, అమ్మకి ఒక్కటే గుర్తొచ్చింది. ఇంట్లో ఏమేం మారాయని అప్పని వేరేగా అడిగారు. వాడుతున్న మాత్రలన్నీ బల్ల మీద పెట్టమన్నారు. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గొచ్చట, అది తగ్గినా మతిమరుపు వస్తుందట. రక్త పరీక్ష చేయిస్తే అమ్మకి బీ12 బాగా తక్కువ, థైరాయిడ్ బాగానే ఉంది. స్కాన్ కూడా తీశారు. బీ12 పరీక్షకి అయింది ఉమ్మి పరీక్షకి కట్టినదాంట్లో ఐదో వంతు కూడా కాదు.

ఇంజెక్షన్లు మొదలుపెట్టి రెండు నెలలైంది. నీరసం తగ్గింది, చారు సరిగ్గా ఉంటోంది, చిలపల లెక్క మాత్రం ఇంకా తప్పుతోంది. ఇది బీ12 వల్లేనా, డిమెన్షియా కూడా మొదలైందా అన్నది ఆరు నెలలకి మళ్లీ పరీక్షించి చెప్తామన్నారు. మొన్న ల్యాబ్ వాళ్లు ఫోన్ చేసి పిల్లలందరికీ కలిపి ప్యాకేజీ ఉంది, తగ్గించి ఇస్తామన్నారు, వద్దని చెప్పేశాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే ముందు వాళ్ల మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని, రోజూ దగ్గరుండి చూసే మనిషిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.