వ్యాన్‌లో రెండో బ్యాటరీ పెట్టించే ముందు దాన్ని కాటా వేయించండి

పండక్కి ముందు మా పాత వ్యాన్‌లో పడకలు వేయించి, ఫ్రిజ్‌కీ ఫ్యాన్‌కీ వెనకాల రెండో బ్యాటరీ పెట్టించాను. "100 ఏహెచ్ లిథియం అండి, ఫిట్టింగ్‌తో కలిపి 38,000" అన్నాడు షాపాయన. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క. బేరం కూడా ఆడలేదు, అదే నా తెలివి.

మొదటి ట్రిప్పు అంతర్వేది. రాత్రి తొమ్మిదికి ఇంజిన్ ఆపాం. తెల్లవారుజామున నాలుగింటికి మా బావమరిది లేపాడు, "బావా, ఫ్యాన్ ఆగిపోయింది". తాళం తిప్పితే బండి కూడా టిక్ టిక్ అనడం తప్ప స్టార్ట్ కాలేదు. ఇంజిన్ బ్యాటరీ పడిపోకూడదనే కదా రెండోది పెట్టించింది! రెంటినీ నేరుగా కలిపేశాడు మహానుభావుడు. ఇంజిన్ ఆగగానే రెండు బ్యాటరీలనూ విడదీసే ఐసోలేటరే లేదు. చేపల కోసం వచ్చిన బొలెరో నుంచి కేబుల్ వేసుకుని బయటపడ్డాం. పండుగప్ప ముక్కలు మాత్రం పోయాయి.

ఇంటికొచ్చి బ్యాటరీని మా రొయ్యల కాటా మీద పెట్టాను. ఆరున్నర కిలోలు! 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మామూలుగా 10 నుంచి 12 కిలోలు ఉంటుంది. అప్పుడే అనుమానం వచ్చింది. ఫుల్ చార్జ్ చేసి 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించాను. దాదాపు 5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి, 100 ఏహెచ్ నిజమైతే 20 గంటలు వెలగాలి. ఏడు గంటలకే ఆరిపోయింది. మూత విప్పితే లోపల పాత సెల్సు, వాటి మీద పాత వెల్డింగ్ గుర్తులు.

అంతకన్నా భయం వేసింది వైరు చూసి. బానెట్ నుంచి వెనక దాకా సన్న వైరు లాగాడు, ఒక్క ఫ్యూజు లేదు. లిథియం ఖాళీగా ఉంటే, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి కరెంటు విపరీతంగా లాగుతుంది. సీటు కింద వైరు తొడుగు ఆ వేడికి మెత్తబడి కార్పెట్‌కి అతుక్కుపోయింది. పిల్లలు పడుకునేది సరిగ్గా దాని పైనే.

పెట్టించుకునేవాళ్లు మందపాటి వైరు అడగండి. ప్రతి బ్యాటరీ ప్లస్ దగ్గరా ఫ్యూజు ఉండాలి. మధ్యలో, బ్యాటరీకి కావలసిన వోల్టేజికి మార్చి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ వేయించండి. లిథియానికి 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి, చాలా బీఎస్6 బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజి తగ్గించేస్తుంది, రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్చు లాంటి ఉత్త రిలేతో సరిగా నిండదు. మీ ముందే బల్బు టెస్టు చేయించి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. నా వారంటీ కార్డులో ఆ గడి ఖాళీ.

షాపాయన్ని నిలదీస్తే, "ఉప్పుగాలండి, సముద్రం దగ్గర పెడితే మేమేం చేస్తామండి" అన్నాడు. ఒక్క రాత్రికే! డబ్బులు ఇప్పటికీ రాలేదు. ఆ బ్యాటరీ ఇప్పుడు చెరువు గట్టు మీద కాపలా పాకలో ఒక్క ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తోంది.