ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు మందు మేలా, శిక్షణ మేలా?

మా వాడికి ఏడేళ్లప్పుడు ఒక్క కూడిక లెక్క ముందు నలభై నిమిషాలు కూర్చునేవాడు. పెన్సిల్ మూడుసార్లు చెక్కేవాడు, రబ్బరు గిల్లి గిల్లి ముక్కలు చేసేవాడు, చివరికి "నాకు రాదు" అని ఏడ్చేవాడు. అదే లెక్క నోటితో అడిగితే టక్కున చెప్పేవాడు. డాక్టరు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే స్థితి) అని తేల్చాక ఇంట్లో రెండు వర్గాలయ్యాం. మందు వేస్తే పిల్లాడు మొద్దుబారిపోతాడని ఒకరు, ఇంకెన్నాళ్లు వాణ్ణి తిడుతూ కూర్చుంటామని ఒకరు.

ముందు చూడాల్సింది వయసు. ఆరేళ్లలోపు పిల్లలకు మొదట తల్లిదండ్రుల శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు దాటాక మందు, దాంతోపాటు ఇంట్లో, బడిలో సాయం. ఇందులో నాకు వాదన లేదు. నాలుగేళ్ల పిల్ల కుదురుగా కూర్చోవట్లేదని మాత్ర కోసం పరుగెత్తకూడదు.

మందుల్లో ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. మెదడులో డోపమైన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాల అందుబాటును పెంచుతుంది. దీని గొప్పతనం వేగం: పని చేస్తుందో లేదో వారాల తరబడి ఎదురుచూడక్కర్లేదు, వేసిన రోజే తెలుస్తుంది. మామూలు మాత్ర సుమారు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేస్తాయి. ఇది పడని పిల్లలకు అటోమోక్సెటిన్ అనే మరో మందు ఉంది కానీ, దాని పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది.

నష్టం కూడా కళ్లకు కనిపిస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. మా వాడి మధ్యాహ్నం డబ్బా వారాల తరబడి మూత తీయకుండానే తిరిగొచ్చింది. పొద్దున మాత్రకు ముందే కడుపునిండా పెట్టడం, రాత్రి ఆకలి తిరిగొచ్చాక మళ్లీ పెట్టడం అలవాటు చేసుకున్నాక గాని బరువు నిలబడలేదు. సాయంత్రం మందు దిగేవేళ చిరాకు, కొందరికి నిద్ర పట్టకపోవడం, ఎత్తు పెరగడం కాస్త నెమ్మదించడం కూడా ఉంటాయి. అందుకే ఎత్తు, బరువు, నాడి, బీపీ చూస్తూ ఉండాలి. కుటుంబంలో గుండెజబ్బులుంటే మందు మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి.

ఇక శిక్షణ. అది పిల్లాడికని అనుకున్నాను, తీరా వెళ్తే నేర్చుకోవాల్సింది నేనే. "రెడీ అవ్వు" అనడం మానేసి "బూట్లు వేసుకో" అనాలి, వేసుకోగానే ఆ క్షణమే మెచ్చుకోవాలి. పొద్దుటి అరుపులు నిజంగానే తగ్గాయి. కానీ లెక్కల పుస్తకం ముందు ధ్యాస మాత్రం అంతగా పెరగలేదు. పైగా ఇది మన ఓపిక మీద నడిచే వైద్యం. అలసిపోయిన రోజున మందు పనిచేస్తుంది, శిక్షణ పనిచేయదు.

మందును, శిక్షణను పోల్చి చూసి 1999లో వెలువడిన ఎంటీఏ అనే అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. 579 మంది పిల్లలను వేర్వేరు వైద్యాలు అందుకునే గుంపులుగా చేసి 14 నెలలు గమనించారు. ధ్యాస లోపం, అతి చురుకుదనం విషయంలో జాగ్రత్తగా సర్దుతూ ఇచ్చిన మందు, శిక్షణ ఒక్కటే ఇచ్చినదాన్ని మించింది. రెండూ కలిపి అందుకున్న పిల్లలకు తక్కువ డోసు సరిపోయింది. అయితే మూడేళ్లకు ఆ గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందు మొదలైంది కదా అని నిశ్చింతగా ఉండకూడదని నాకు దీన్నుంచే అర్థమైంది.

ఈ రెండూ కాక జనం చెప్పే చిట్కాల్లో, చేపనూనె ప్రభావం ఉన్నా చాలా కొద్దిది. చక్కెర మానిస్తే తగ్గుతుందన్నది పరీక్షల్లో నిలవలేదు.

నా మాట అడిగితే, బడి ఈడు పిల్లాడు రోజూ దెబ్బతింటూ, తను మొద్దునని నమ్మడం మొదలుపెడితే మందును వాయిదా వేయొద్దు, శిక్షణనూ వదలొద్దు. ఇబ్బంది ఇంట్లో గొడవల వరకే ఉంటే శిక్షణతో మొదలుపెట్టండి. ఏ దారిలో వెళ్లినా, మారాలనుకుంటున్న రెండు మూడు పనులు ముందే కాగితం మీద రాసుకోండి. మేం "హోంవర్కు ఇరవై నిమిషాల్లో", "ఏడుపు లేకుండా" అని రాసి, టీచర్‌ను కూడా వారం వారం గుర్తు పెట్టమన్నాం. ఏడాదికోసారి ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, మందు ఇంకా అవసరమా, కొన్నాళ్లు ఆపి చూద్దామా అని అడుగుతున్నాం.