మా గోడ మీద కుతాహ్యా టైల్స్: నాలుగేళ్ళు దాటాక

టోలీచౌకీలోని మా ఇంటి హాల్లో తూర్పు గోడ మీద బిస్మిల్లా ప్యానెల్ ఉంది. తుర్కియేలోని కుతాహ్యాలో చేత్తో గీసినవి, సులుస్ అనే అరబీ అలంకార లిపి. నమాజులో కళ్ళు అటే పోతాయని అమ్మీ పడమటి గోడకు ఒప్పుకోలేదు. వజూ (నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) చేసుకునే చోట మాత్రం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే ప్రింట్ టైల్స్ వేయించాం. వాటి మీద రాత లేదు, అరబెస్క్ తీగలే. సబ్బు నీళ్ళు పడే చోట అల్లా పేరు ఉండకూడదు కదా! ధర కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

కుతాహ్యా టైల్స్ మీద కోబాల్టు నీలం, ఫిరోజీ రంగు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి. రంగు వేశాక పైన గ్లేజ్ పూసి బట్టీలో కాలుస్తారు కాబట్టి రంగంతా గాజు పొర కింద భద్రంగా ఉంటుంది. పాతబస్తీలో మొహర్రం పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 నాటి పలకలు నేటికీ మెరుస్తుంటాయి. 1908 మూసీ వరదకు పాడైన చోట తర్వాత వేసిన రంగుల పక్కన చూస్తే గ్లేజ్ విలువ తెలుస్తుంది. మా ప్యానెల్ అంచున ఉన్న బంగారు గీత మాత్రం గ్లేజ్ పైన వేసింది. దుమ్ము తుడిచీ తుడిచీ కింది వరసలో సగం పోయింది. బంగారం వద్దనే చెబుతాను. ఎరుపు కూడా ఇటుక రంగులోనే ఉంది. ఇస్తాంబుల్‌లోని రుస్తెం పాషా మసీదులో 16వ శతాబ్దపు ఇజ్నిక్ (టైల్స్‌కి పేరున్న తుర్కియే ఊరు) ఎరుపు చూసినవాళ్ళకు ఇది ఆనదు.

బిగించే ముందు దుప్పటి పరిచి మొత్తం పేర్చి, అరబీ చదవగలిగినవాళ్ళకు చూపించండి. మా మేస్త్రీ మంచి పనివాడే, కానీ మామూలు టైల్స్‌కి వదిలినంత సందు వదలబోయాడు. అలా చేస్తే నిలువు గీతలా ఉండే అలిఫ్ అక్షరం నడుం విరిగినట్టుంటుంది. టైల్స్ మధ్య సందు కొలతకు పెట్టే స్పేసర్లు సన్నవి పెట్టించాం.

మోర్బీవి చవక, గట్టివి, తీగలు సందుల దగ్గర వెంట్రుకంత తేడా లేకుండా కలుస్తాయి. అయితే అదే పువ్వు అదే వంపుతో గోడంతా వస్తుంటే కొన్నాళ్ళకి బోరు కొడుతుంది. బోరు నీళ్ళ తెల్లచారలకి వెంటనే పొడిగుడ్డతో తుడవడం ఒక్కటే పనిచేసింది. యాసిడ్ పోస్తే సందుల్లో నింపే సిమెంట్ గ్రౌట్‌ని తినేస్తుంది. మా గ్రౌట్ పసుపెక్కాక దాని బదులు ఎపాక్సీ గ్రౌట్ వేయించాం, ఆ టెన్షన్ పోయింది.

చేతిపని ప్యానెల్ కొంటే అంచు టైల్స్ ఒకటి రెండు అదనంగా అడగండి. స్విచ్‌బోర్డు కోసం డ్రిల్ పెట్టినప్పుడు మాది ఒక మూల పెచ్చు లేచింది. తర్వాత తెప్పించిన టైలు నీలం కాస్త ముదురు, పక్కనున్నవాటితో కలవలేదు.