వాయిడ్ లైనక్స్‌లో క్రాస్ కంపైల్: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

రెండేళ్ళ నుంచి వాయిడ్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను, ఇందులో రెండు చిన్న ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకోడానికి రెడీగా కట్టిన ప్రోగ్రాములు) నేనే చూసుకుంటున్నాను. అందుకే డెస్క్‌టాప్ అందం, బూట్ స్పీడు లాంటివి వదిలేసి, ప్యాకేజీ కట్టే పని ఇందులో ఎలా ఉంటుందో రాస్తున్నా, ముఖ్యంగా ఇంటెల్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డుకి కట్టే పని, దాన్నే క్రాస్ కంపైల్ అంటారు.

నన్ను దీని దగ్గరికి తెచ్చింది రాస్‌ప్‌బెర్రీ పై 3 అనే చిన్న ఆర్మ్ కంప్యూటర్ బోర్డు. ఊళ్ళో నాన్న దగ్గర పెట్టాను, బోరు మోటారు మీటర్ నుంచి సీరియల్ కేబుల్ మీద రీడింగులు తీసి దాస్తుంది. దాంట్లో ర్యామ్ 1 జీబీనే. మొదట్లో ఆ ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సిన లైబ్రరీలనీ పై మీదే కంపైల్ చేద్దామని చూశాను, రాత్రి పెడితే తెల్లారేదాకా కాలేదు, మధ్యలో కరెంటు పోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. అదే పని ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద టీ తాగేలోపు అయిపోతోంది.

చేసేది ఏంటంటే, వాయిడ్ ప్యాకేజీల గిట్ రిపో క్లోన్ చేసుకుని, ఎక్స్‌బీపీఎస్-ఎస్‌ఆర్‌సీ అనే స్క్రిప్టుతో ఒకసారి బూట్‌స్ట్రాప్ చేసుకోవాలి (కట్టడానికి కావాల్సిన మూల సామాను సిద్ధం చేసుకోవడం), తర్వాత మైనస్ ఏ అని ఇచ్చి పక్కన ఏ-ఆర్క్64 (64-బిట్ ఆర్మ్ పేరు) అని రాసి ప్యాకేజీ పేరు చెప్పడమే. ఆర్మ్‌కి కోడ్ తయారుచేసే జీసీసీ కంపైలర్‌ని అదే తెచ్చుకుంటుంది, ఆర్మ్ లైబ్రరీలు వాయిడ్ వాళ్ళు కట్టిన ప్యాకేజీలు పెట్టే రిపోలో రెడీగా ఉంటే వాటినీ దించుకుని వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, ఇదంతా మన సిస్టమ్‌ని ముట్టుకోకుండా విడిగా చ్రూట్ అనే వేరు చేసిన ఫోల్డర్‌లో జరుగుతుంది. క్రాస్ టూల్‌చైన్ (ఇంకో ప్రాసెసర్‌కి కట్టే కంపైలరూ దాని పనిముట్లూ) చేత్తో కట్టుకున్న అనుభవం ఎవరికైనా ఉంటే ఇది ఎంత పెద్ద సాయమో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, నేను అంతకుముందు ఒక వారం దానిమీదే పోగొట్టుకున్నాను.

టెంప్లేట్ అనే చిన్న ఫైల్ ఉంటుంది ప్రతి ప్యాకేజీకీ, మామూలు బాష్‌లోనే రాస్తారు. నాకు బాగా నచ్చింది అందులో అవసరాల్ని మూడుగా విడగొట్టడం. హోస్ట్‌మేక్‌డిపెండ్స్ అంటే కట్టే మెషిన్ మీద నడవాల్సిన పనిముట్లు, మేక్‌డిపెండ్స్ అంటే చేరాల్సిన మెషిన్ తాలూకు లైబ్రరీలు, డిపెండ్స్ అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కావాల్సినవి. అమ్మ ఆవకాయ పెట్టి హైదరాబాద్ పంపిస్తుంది కదా, రోకలీ జల్లెడా ఊళ్ళోనే ఉండిపోతాయి, ముక్కా నూనే జాడీతో పాటు ప్రయాణం చేస్తాయి, తినేటప్పుడు వేడన్నం ఇక్కడ మనం వండుకోవాలి. ఈ తేడా ఒక్కటి బుర్రలోకి ఎక్కితే సగం తప్పులు రావు.

మిగతా సగం ప్రోగ్రామ్ రాసినవాళ్ళ మేక్‌ఫైల్స్‌లో, అంటే ఎలా కంపైల్ చేయాలో చెప్పే ఫైళ్ళలో ఉంటాయి. నా మీటర్ ప్రోగ్రామ్ మేక్‌ఫైల్‌లో జీసీసీ అని నేరుగా రాసేసి ఉంది, దాంతో ప్యాకేజీ పేరు ఆర్మ్‌ది, లోపల బైనరీ (కంపైలయిన ప్రోగ్రామ్) మాత్రం ఇంటెల్‌ది, పై మీద నడిపితే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్. దాని పక్కనే మార్చ్ ఈక్వల్స్ నేటివ్ అన్న ఫ్లాగ్ ఇంకోటి, అంటే కట్టిన మెషిన్ ప్రాసెసర్‌కి మాత్రమే సరిపోయేలా కట్టమని, పదిమందికి పంచే ప్యాకేజీలో అది అసలు ఉండకూడదు. కంపైల్‌కి ముందు సిస్టమ్‌ని పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టులది ఇంకో కథ, చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ కంపైల్ చేసి అక్కడే నడిపి జవాబు చూస్తాయి, ఆర్మ్ బైనరీ ఇంటెల్ మీద నడవదు కాబట్టి అక్కడ ఆగిపోతుంది. వాయిడ్ వాళ్ళు అలాంటి మామూలు ప్రశ్నలకి జవాబులు ముందే రాసిపెట్టుకున్న ఆటోకాన్ఫ్ క్యాష్ ఫైళ్ళు ఇస్తారు. జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్ (లైబ్రరీ వివరాల్ని వేరే భాషల కోసం తీసి రాసేది) లాంటివి ఆర్మ్ బైనరీ నడిపితే తప్ప కదలవు, వాటికి క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ పెట్టుకుని నడిపించే హెల్పర్ ఉంది. పైథాన్ అయితే తనని తాను క్రాస్ కట్టుకోడానికి అదే వెర్షన్ పైథాన్ కట్టే మెషిన్ మీద కూడా ఉండాలంటుంది. ఇవన్నీ ఎవరో ఒకరు ఒకసారి కష్టపడి కనుక్కుని టెంప్లేట్‌లో రాసిపెట్టారు, నేను వాటిని చదివే నేర్చుకున్నాను. ఇలాంటి పని చేసేవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు, నాకు వాళ్ళంటే నిజంగా గౌరవం.

వాయిడ్ 2008లో మొదలైంది, మొదలుపెట్టిన హువాన్ రొమేరో పర్దీనెస్ అంతకుముందు నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్. సర్వీసుల్ని మొదలుపెట్టి చూసుకోడానికి సిస్టమ్‌డీ ఉండదు, రనిట్ ఉంటుంది. ప్రోగ్రాములకి కింద ఉండే సీ లైబ్రరీ విషయంలో, జీలిబ్‌సీ కాకుండా మస్ల్ రకం కూడా ఇస్తారు. ఆర్మ్ ప్యాకేజీలు వాళ్ళే ఇంటెల్ మెషిన్ల మీద క్రాస్ కట్టి రిపోలో పెడతారు, అందుకే క్రాస్ సపోర్ట్ ఇక్కడ ఒక మూల పడి ఉండే ఫీచర్ కాలేదు, అది చెడితే రిపోనే ఆగుతుంది. డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో అధికారిక ప్యాకేజీలు ఏ ఆర్కిటెక్చర్‌వి ఆ రకం మెషిన్ల మీదే కడతారు, అది వేరే దారి, దానికి అన్ని రకాల మెషిన్లు దొరకాలి.

మెయింటెయిన్ చేయడం సంగతి. కొత్త ప్యాకేజీ పంపితే ఇంటెల్‌కీ ఆర్మ్‌కీ మస్ల్‌కీ కలిపి చాలా రకాలకి ఆటోమేటిక్‌గా కట్టి చూస్తారు, ఎక్కడ విరిగినా ఎర్రగా కనిపిస్తుంది. కమిట్ మెసేజ్ (మార్పుతో పాటు రాసే చిన్న నోట్) ఎలా ఉండాలో కూడా రూల్ ఉంది, అప్‌డేట్ అయితే చివర ఫుల్‌స్టాప్‌తో సహా. మొదట్లో చాదస్తం అనుకున్నాను, వేల ప్యాకేజీల చరిత్రలో ఏదో ఒకటి వెతకాల్సి వచ్చినప్పుడు విలువ తెలిసింది. ఒక లైబ్రరీ సో-నేమ్ (ప్రోగ్రాములు దాన్ని గుర్తుపట్టే వెర్షన్ పేరు) మారితే దానిమీద ఆధారపడిన ప్రతి ప్యాకేజీకీ రివిజన్ పెంచి మళ్ళీ కట్టాలి, ఓపిక కావాల్సిన పని ఇది. 2014లో వీళ్ళు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ వదిలి, దాన్నుంచే పుట్టిన లిబ్రెఎస్‌ఎస్‌ఎల్‌కి వెళ్ళారు, 2021లో మళ్ళీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కే వచ్చేశారు, లిబ్రెఎస్‌ఎస్‌ఎల్‌తో కంపైల్ అవ్వని ప్రోగ్రాములకి ప్యాచ్‌లు మోసుకుంటూ పోవడం భారమైంది. తప్పని అర్థమయ్యాక వెనక్కి తిరగడం నాకైతే నచ్చింది.

నచ్చనివి కూడా ఉన్నాయి. క్రాస్ అవ్వని ప్యాకేజీలకి నోక్రాస్ అని ముద్ర వేసి వదిలేస్తారు, మనకి కావాల్సింది అందులో ఉంటే మనమే కూర్చోవాలి. మాన్యువల్ మొత్తం ఒకే పొడవాటి ఫైల్, తెలిసినవాళ్ళకి బంగారం, కొత్తవాళ్ళకి అడవి. పనిచేసేది వాలంటీర్లే కాబట్టి రివ్యూకి ఎదురుచూడాలి, నాది ఒకటి నెలన్నర ఆగింది. క్రోమియం, ఫైర్‌ఫాక్స్ మీద కట్టిన ఇతర బ్రౌజర్లని సాధారణంగా తీసుకోరు, అది ముందే తెలుసుకుని పంపండి. 2018లో వ్యవస్థాపకుడు అందుబాటులో లేకపోతే మిగతావాళ్ళు కోడ్‌నీ డొమైన్‌నీ కొత్త చోటికి మార్చుకోవాల్సి వచ్చింది, ఈ సైజు ప్రాజెక్టుల్లో ఆ భయం ఎప్పుడూ ఉంటుంది, కానీ అప్పుడు ఆగిపోకుండా నిలబెట్టారు.

నా మార్కు 5కి 4. పై లాంటి బోర్డు ఉండి, గిట్ వాడటం వచ్చి, కొంచెం షెల్ చదవగలిగితే తీసుకోండి. ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయే సిస్టమ్ కావాలంటే డెబియన్ వేసుకోండి, నాన్న ల్యాప్‌టాప్‌లో నేనూ అదే వేశాను.

డిస్క్ మాత్రం ముందే చూసుకోండి, సోర్సులూ కట్టిన ప్యాకేజీలూ కలిపి, వాటిని దాచే నా హోస్ట్‌డిర్ ఫోల్డర్ ఇప్పుడు 14 జీబీ దాటింది. కట్టినవాటిని అక్కడి నుంచే లోకల్ రిపోలాగా నెట్‌వర్క్ మీద ఇవ్వొచ్చు, నాన్న దగ్గరున్న పై పోయినవారం కొత్త వెర్షన్ నా ల్యాప్‌టాప్ నుంచే తెచ్చుకుంది.